కారు షెడ్డులో కడలి

కారు కోసం కట్టిన గది. నేల మీద నూనె మరకలు. గోడకు పాత టైరు. ఓ మూల ఏనాడో మూలపడ్డ కూలరు. ఇవన్నీ బయటపడేసి, కారును వీధిలో వేపచెట్టు కిందికి తోలేసి, ఆ గదిలో సముద్రాన్ని కట్టెయ్యాలి! అందులో అలలుండాలి. బండల సందుల్లోంచి నారింజ రంగు మీద తెల్లచారల చేప తొంగిచూడాలి. పువ్వుల్లా విచ్చుకునే పగడాలుండాలి. అదీ ఎక్కడ? ఉప్పునీటి వాసన చూడాలంటే రోడ్డు మీద రెండొందల కిలోమీటర్లకు పైనే వెళ్లాల్సిన నల్గొండలోనో, ఇంకా లోపలున్న మహబూబ్‌నగర్‌లోనో!

అమెరికాలో ఇలాంటివి మామూలే. అక్కడ చాలా ఇళ్లలో గ్యారేజీలోకి కారుకంటే ముందు ఇంటాయన సరదాలు చేరతాయి. కొందరికి వడ్రంగం, కొందరికి వ్యాయామం, మరికొందరికి పగడాల తొట్టి. మన పట్టణాల్లోనూ కింద కారు షెడ్డు, పైన ఇల్లు కట్టుకోవడం అలవాటైంది. చేపల దుకాణాల్లో మంచినీటి గోల్డ్‌ఫిష్ పక్కన ఉప్పునీటి చేపలూ కనిపిస్తున్నాయి. 2003లో వచ్చిన 'ఫైండింగ్ నెమో' చూసిన పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లై, సొంతిళ్లు కట్టుకుంటున్నారు. ఆశపడటం సహజమే. కానీ మంచినీటి తొట్టిని చూసుకున్నంత తేలిక కాదిది. తెలంగాణ దక్షిణ మెట్టనేలల్లో అయితే మరీను.

అద్దాల వెనక నూట డెబ్భై ఏళ్లు

సముద్రాన్ని ఇంటికి తెచ్చుకోవాలన్న కోరిక ఇవాళ్టిది కాదు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో 'ఫిష్ హౌస్' తెరిచారు. మరుసటేడాది ఫిలిప్ హెన్రీ గోస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త 'ది అక్వేరియం' పుస్తకం రాశాడు. ఇంగ్లండులో ఇంటింటా గాజు తొట్టెలు వెలిశాయి. వాటిని నింపడానికి జనం బుట్టలూ సుత్తులూ పట్టుకుని తీరం మీద పడ్డారు. రాళ్ల మధ్య నీటిగుంటల్లోని జీవాలన్నీ ఖాళీ అయ్యాయి. తండ్రి రాసిన పుస్తకాల పుణ్యాన ఆ తీరం ఎలా బోసిపోయిందో ఆయన కొడుకు ఎడ్మండ్ గోసే 1907లో వచ్చిన తన ఆత్మకథలో బాధగా రాసుకున్నాడు. సరదా ఎంత ముచ్చటైనదో అంత ముప్పు కూడా తేగలదని అప్పుడే తెలిసొచ్చింది.

మన దగ్గరా ఆ ముచ్చట త్వరగానే మొదలైంది. మద్రాసు మెరీనా తీరాన 1909లోనే అక్వేరియం తెరిచారు. సముద్రం పక్కనే కాబట్టి నీళ్లకు కొదవ లేదు. పాలమూరు పిల్లలకు మాత్రం చేపల తొట్టి అంటే పిల్లలమర్రి ఆవరణలోని అక్వేరియమే. ఊడలమర్రి కింద ఆడుకుని, జింకలను చూసి, అద్దాల వెనక చేపలకు టాటా చెప్పి రావడం తరాలుగా వస్తున్న సెలవురోజు కార్యక్రమం.

చేపలొక ఎత్తు, పగడాలొక ఎత్తు. వాటిని తొట్టిలో బతికించడం చాలాకాలం ఎవరివల్లా కాలేదు. ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ ఓ తేలిక దారి కనిపెట్టి, 1961లో అక్వేరియం పత్రికలో రాశాడు. సముద్రంలోని సజీవమైన రాళ్లను తెచ్చి తొట్టిలో పేర్చి, గాలిబుడగలు వదలడమే ఆయన కిటుకు. ఆ రాళ్ల రంధ్రాల్లో కాపురముండే సూక్ష్మజీవులే మురికిని శుభ్రం చేసిపెట్టేవి. తరవాత జర్మన్లు దానికి నురుగు తీసే యంత్రం, బలమైన దీపాలు జోడించారు. అదే 'బెర్లిన్ పద్ధతి'. నేటికీ చాలా తొట్టెలకు అదే పునాది.

మూడు మారుతీల బరువు

పెద్ద తొట్టి అంటే ఎనిమిదడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, అంతే ఎత్తు అనుకుందాం. సుమారు 1,400 లీటర్ల నీళ్లు పడతాయి. నీళ్లు, దళసరి అద్దాలు, రాళ్లు, కిందనుండే మరో చిన్న తొట్టి... అన్నీ కలిపితే రెండు టన్నులు. అంటే మూడు మారుతీ 800 కార్లను ఒకదాని మీద ఒకటి పెట్టినట్టే! మేడ మీది గదికి ఇంత బరువు ప్రమాదం. కారు షెడ్డు ఎంచుకోవడానికి మొదటి కారణం అదే. నేల గట్టిది, నీళ్లు పారితే కడిగేసుకోవచ్చు, ఇంట్లోవాళ్ల నిద్ర చెడదు. అయినా కొత్తగా పోసిన మొరం మీద పలచటి గచ్చు వేసి ఉంటే దాన్ని నమ్ముకోకూడదు. ఇంజినీరుకు చూపించాల్సిందే.

తొట్టి పొడవు పెరిగితే బరువు పెరుగుతుంది కానీ నీరు అద్దాన్ని తోసే ఒత్తిడి పెరగదు. ఎత్తు పెరిగితేనే ఆ ఒత్తిడి. అందుకే అనుభవజ్ఞులు తొట్టిని వెడల్పు చేస్తారు తప్ప ఎత్తు చెయ్యరు. స్టాండు విషయంలో నల్గొండవాళ్లు అదృష్టవంతులు. చుట్టూ గ్రానైటే. ఇనుప స్టాండు ఉప్పుకు తుప్పు పడుతుంది, రాతికి ఆ బెంగ లేదు. ఉప్పు తొట్టితోనే ఆగదు మరి. గాల్లో తేలి స్విచ్చు బోర్డుల్లోకీ, స్లాబులోని చువ్వల్లోకీ చేరుతుంది. బయటికి గాలి లాగే ఫ్యాను, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే బ్రేకరు పెట్టకుండా నీళ్లు పోయకూడదు. ఉప్పునీరూ కరెంటూ కలిస్తే చేపలకే కాదు, మనిషికీ ప్రాణగండమే.

నల్గొండ నీళ్లు, సముద్రపు నీళ్లు

నల్గొండ అనగానే నీళ్లు గుర్తొస్తాయి. మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో బోరు నీటిలోని ఫ్లోరైడ్ తరాల ఎముకలను వంచేసింది. ఆ నీటిని పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో శుద్ధిచేసేందుకు నాగపూర్‌లోని నీరీ శాస్త్రవేత్తలు రూపొందించిన విధానం 'నల్గొండ టెక్నిక్' పేరుతో ఆఫ్రికా దేశాల దాకా వెళ్లింది. 2016లో మొదలైన మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చాయి.

ఇక్కడో విచిత్రం. సముద్రపు నీటిలో సహజంగానే లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది. తాగునీటికి ప్రపంచ ఆరోగ్యసంస్థ పెట్టిన హద్దు 1.5. అంటే పగడాలు పుట్టిందే ఫ్లోరైడ్ నీళ్లలో! వాటికి గిట్టనివి వేరే ఉన్నాయి. నల్లా నీళ్లలోని క్లోరిన్, పొలాల ఎరువుల నుంచి బోర్లలోకి దిగే నైట్రేట్, పాత ఇత్తడి కుళాయిల నుంచి వచ్చే రాగి. పటికతో శుద్ధిచేసిన నీళ్లలో మిగిలే అల్యూమినియం కూడా వాటికి పడదు. కాబట్టి ఏ నీరైనా ఆర్వో యంత్రం దాటి, ఆపైన మిగిలిన లవణాలనూ లాగేసే మరో గొట్టం దాటి రావాల్సిందే. లీటరు మంచినీరు వచ్చేసరికి మూడు లీటర్ల దాకా వ్యర్థంగా పోతుంది. తొట్టి నిండేసరికి ఓ పెద్ద ట్యాంకరు ఖర్చు.

బిందెడు నీళ్ల కోసం మైళ్లు నడిచిన జిల్లాలో ఇదేం విలాసమని ఎవరైనా అడిగితే తప్పు పట్టలేం. లెక్క మాత్రం చూడాలి. ఎకరం వరిమడిలో అంగుళం నీళ్లు నిలబెడితే లక్ష లీటర్లు. వాటి ముందు తొట్టి నీళ్లెంత! అయినా ఆర్వో వదిలే నీళ్లను మోరీలోకి తోలేయకుండా వాకిలి, షెడ్డు కడుక్కోవడానికి వాడితే కొంతైనా న్యాయం.

శుద్ధమైన నీటికి లీటరుకు 35 గ్రాముల చొప్పున ఉప్పు కలపాలి. తొట్టి మొత్తానికి 50 కిలోలు. వంటింటి ఉప్పు పనికిరాదు. సముద్రపు నీటిలో సోడియంతోపాటు మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం పాళ్లు కుదిరి ఉంటాయి. అందుకని అన్నీ కలిపి తయారుచేసిన ఉప్పునే కొనాలి. అదొక్కసారితో అయిపోయే ఖర్చు కాదు. పక్షానికోసారి పదోవంతు నీళ్లు మార్చినా ప్రతిసారీ అయిదు కిలోలు కావాలి.

నీళ్లు పోశాక వెంటనే చేపల్ని వదిలితే అవి చస్తాయి. ఇది చాలామంది చేసే తొందర. చేపల విసర్జనం అమోనియాగా మారుతుంది, అది విషం. దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్ల మీద స్థిరపడాలి. నెల, నెలన్నర పడుతుంది. అన్నాళ్లూ చేపల్లేని తొట్టిలో మోటార్లు తిరుగుతుంటాయి, దీపాలు వెలుగుతుంటాయి, చుట్టాలొచ్చి 'ఏవీ చేపలు?' అని అడుగుతుంటారు. ఆ నెలన్నర ఓపిక లేనివాళ్లకు ఈ సరదా వద్దు.

మే నెల గండం

పగడాలకు 24 నుంచి 27 డిగ్రీల వేడి చాలు. 30 దాటి కొన్నాళ్లుంటే వాటి కణజాలంలో కాపురముండే నాచును అవే బయటికి గెంటేస్తాయి. సూర్యరశ్మితో ఆహారం వండిపెట్టేది ఆ నాచే. అది పోతే రంగు పోయి తెల్లబడతాయి, ఆపైన ఆకలితో చస్తాయి. నల్గొండలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. రేకుల షెడ్డయితే చెప్పనక్కర్లేదు. పైకప్పు కింద థర్మాకోల్ పలకలు, పడమటి గోడకు తెల్లసున్నం, షట్టరు స్థానంలో గోడ... ఇవన్నీ తొట్టి కొనకముందే జరగాలి.

మెట్టప్రాంతానికి ఓ మేలూ ఉంది. ఇక్కడి వేసవి పొడిగా ఉంటుంది. ఎడారి కూలరు నల్గొండలో చల్లగా, మచిలీపట్నంలో జిగటగా ఎందుకుంటుందో తొట్టికీ అదే సూత్రం. నీటి మీదికి ఓ ఫ్యాను తిప్పితే ఆవిరి వెళ్తూ వేడిని తీసుకుపోతుంది. ఒకట్రెండు డిగ్రీలు కాదు, బాగానే దిగుతుంది. వానాకాలపు ఉక్కపోతలో ఆ ఫ్యాను ఎంత తిరిగినా లాభముండదు, అప్పుడు చిల్లరు యంత్రమే దిక్కు. అది వదిలే వేడిగాలి గదిలోనే తిరిగితే మొదటికే మోసం కాబట్టి దాన్ని గోడ అవతల పెట్టాలి. ఆవిరైన మేరకు రోజుకో బిందె, వేసవిలో రెండు బిందెలు కలపాలి. ఉప్పునీళ్లు కాదు, మంచినీళ్లు! నీరే ఆవిరవుతుంది, ఉప్పు తొట్టిలోనే ఉంటుంది. ఇది తెలియక రోజూ ఉప్పునీళ్లు పోసి తొట్టిని చవుడు చేసినవాళ్లున్నారు.

మోటార్లు, దీపాలు, చిల్లరు కలిసి సగటున 500 వాట్లు లాగినా నెలకు 360 యూనిట్లు. ఇంటి వాడకానికి ఇది అదనం. బిల్లు కంటే పెద్ద భయం కరెంటు పోవడం. వేడి ఉప్పునీటిలో ప్రాణవాయువు అసలే తక్కువ. నీటి కదలిక ఆగితే చేపలు నిండిన తొట్టిలో కొన్ని గంటల్లోనే ఊపిరాడదు. ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారానికి స్తంభం ఒరిగితే కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరు చెప్పగలరు? ఇన్వర్టరుకు చిల్లరును తగిలిస్తే బ్యాటరీ అరగంటలో ఖాళీ. నీళ్లు తిప్పే ఒక్క చిన్న మోటారును తగిలిస్తే రాత్రంతా వస్తుంది. కరెంటు పోయినప్పుడు చల్లదనం కంటే ఊపిరి ముఖ్యం.

వాడపల్లి సున్నం, పగడాల ఎముక

పగడం అనగానే మనకు గుర్తొచ్చేది కుజుడి ఉంగరం. ఆ ఎర్ర పగడం మధ్యధరా సముద్రపు చీకటి లోతుల్లో పెరిగేది, దిబ్బలు కట్టేది కాదు. దిబ్బల పగడాలు వేరే తెగ. రెండూ జంతువులే, మనం చెట్లనుకుంటాం. గోరంత జీవి నీటిలోని కాల్షియాన్ని పీల్చి, తన కింద సున్నపురాయి గూడు కట్టుకుంటుంది. పక్కన ఇంకోటి, దాని పక్కన మరోటి. అలా వేల ఏళ్లు కట్టిందే దిబ్బ.

తొట్టిలో పగడాలు పెరిగేకొద్దీ నీటిలోని సున్నం తరిగిపోతుంది. తిరిగి పోయాలి. జర్మన్లు దానికి కనిపెట్టిన ఉపాయం మన పాన్‌డబ్బా వాళ్లకు తెలిసిందే... సున్నపు తేట! శుద్ధమైన సున్నాన్ని లీటరుకు గ్రామున్నర మించకుండా కలిపి, మడ్డి దిగాక పైనున్న తేటను రాత్రిపూట చుక్కచుక్కగా వదులుతారు. ఒక్కసారిగా పోస్తే తొట్టి తెల్లబడి అన్నీ చస్తాయి. 2018లో చెదలు తొలిచేసిన పిల్లలమర్రికి సెలైన్ సీసాలు కట్టి చుక్కచుక్కగా మందెక్కించారు కదా, అచ్చం అలాగే.

ఇక రాళ్లు. లీ చిన్ ఎంగ్ కాలంలోలా సముద్రంలోంచి పెకిలించుకురావడం మన దేశంలో నేరం. అందుకు బదులు రాళ్లను ఇంట్లోనే పోసుకునే పద్ధతి ప్రపంచమంతా ఉంది. సిమెంటు, నలగ్గొట్టిన ఆల్చిప్పలు, గల్లుప్పు కలిపి ముద్దలు చేసి ఆరబెడతారు. తరవాత నీళ్లలో నానబెడితే ఉప్పు కరిగి రంధ్రాలు పడతాయి. సిమెంటు ఘాటు తగ్గేదాకా, రెండు నెలలైనా సరే, నీళ్లు మారుస్తూ ఉండాలి. హుజూర్‌నగర్, మేళ్లచెరువు, వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వే సున్నపురాయి ఒకప్పటి లోతులేని సముద్రం అడుగున పేరుకున్నదే. నేటి పగడాల పూర్వీకులు పుట్టడానికి కోట్ల ఏళ్ల ముందు నాటి సముద్రమది. కృష్ణ ఒడ్డు సిమెంటు బస్తాతో పోసిన రాయి తొట్టిలో మునిగితే, ఆ సున్నం మళ్లీ ఉప్పునీళ్లు చూసినట్టు.

పులికున్న రక్షణే

ఎన్ని చేసినా అసలు చిక్కు ఇక్కడుంది. రాతి గూడు కట్టే పగడాలన్నింటినీ కేంద్రం 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. పులికి ఎంత రక్షణో పగడానికీ అంతే! సముద్రగుర్రాలకూ అదే ఏడాది రక్షణ దక్కింది. మన్నార్ సింధుశాఖ నుంచో, అండమాన్ నుంచో, లక్షద్వీప్ నుంచో తెచ్చిన పగడపు ముక్కను ఇంట్లో ఉంచుకోవడం ముచ్చట కాదు, మూడు నుంచి ఏడేళ్ల జైలుశిక్ష పడగల నేరం. పైగా ఈ పగడాలన్నీ అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం జాబితాలోనూ ఉన్నాయి. విదేశంలో తొట్టిలోనే పెంచినదైనా సరే, అనుమతి పత్రాలు లేకుండా దేశంలోకి రాకూడదు. వచ్చినా ఇక్కడ నమోదు చేయించాలి. 'పేపర్లెందుకు సార్, అందరూ పెంచుకుంటున్నారు' అనే దుకాణంలోంచి ఉత్తచేతులతో వచ్చెయ్యడమే మంచిది.

మెత్తటి పగడాల్లోనూ ఓ ప్రమాదముంది. బొత్తాముల్లా గుంపులుగా పెరిగే జోయాంథిడ్‌లలో కొన్నింటికి పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. అవి అంటుకున్న రాయిని శుభ్రం చేద్దామని వేడినీళ్లలో ఉడకబెట్టి, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన సంఘటనలు విదేశాల్లో జరిగాయి. పిల్లలున్న ఇంట్లో తొట్టిలో చెయ్యి పెట్టేముందు చేతి తొడుగు తప్పనిసరి.

చేపల విషయంలోనూ అడగాల్సిన ప్రశ్నలున్నాయి. సముద్రపు అలంకరణ చేపల్లో అత్యధికం ఇప్పటికీ దిబ్బల నుంచి పట్టి తెచ్చినవే. ఫిలిప్పీన్స్, ఇండోనేషియాల్లో సయనైడ్ చల్లి, మత్తెక్కిన చేపల్ని ఏరుకునే దుర్మార్గం దశాబ్దాలుగా ఉంది. ఆ చేప దుకాణంలో హుషారుగానే ఈదుతుంది, ఇంటికొచ్చిన వారానికి తేలుతుంది. చుట్టుపక్కల పగడాలు అంతకుముందే చచ్చి ఉంటాయి. నెమో స్నేహితురాలు డోరీ గుర్తుందిగా? ఆ నీలం చేపను తొట్టెల్లో పుట్టించడం 2016 దాకా ఎవరికీ సాధ్యపడలేదు. ఆ ఏడాది ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లు సాధించారు. నెమో సంగతి నయం. క్లౌన్ చేపను పెంపకంలోనే పుట్టించే విద్య మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు ఎప్పుడో పట్టుబడింది. కాబట్టి మెట్టప్రాంతపు తొట్టికి తొలి అతిథి క్లౌన్ చేపే కావాలి.

పగడాల్లేని తొట్టి ఓ తొట్టేనా అనొచ్చు. సొంతంగా పోసిన రాళ్లు, వాటి మీద గులాబీ రంగు పొరలా పాకే సున్నపు నాచు, ఆకుపచ్చని సముద్రపు మొక్కలు, రెండు జతల చేపలు... చూడటానికి అదేమీ తక్కువ కాదు. పత్రాలున్న పగడం దొరికిన రోజు దానికి చోటు సిద్ధంగా ఉంటుంది.

సముద్రం వేడెక్కాక

ఇంటి తొట్టెల్లో పుట్టిన విద్యకు ఇప్పుడు కొత్త పని పడింది. 2023లో మొదలైన వేడికి ప్రపంచవ్యాప్తంగా పగడాలు తెల్లబడుతున్నాయని, ఇలా జరగడం ఇది నాలుగోసారని 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. మన లక్షద్వీప్ దిబ్బలూ ఆ ఏడాది దెబ్బతిన్నాయి. అంతకుముందే ఫ్లోరిడా తీరంలో అంతుపట్టని రోగం పగడాలను తినేస్తుంటే, మిగిలినవాటిని తవ్వితెచ్చి అమెరికాలోని అక్వేరియాల్లో దాచారు. సరదారాయుళ్లు ఏళ్ల తరబడి తప్పులు చేసి నేర్చుకున్న సున్నం లెక్కలు, దీపాల లెక్కలే ఇప్పుడు వాటికి ఊపిరి.

లండన్‌లోని హోర్నిమన్ మ్యూజియం వాళ్లైతే తొట్టి మీద కృత్రిమ వెన్నెలను కూడా కురిపించారు. సముద్రంలో పగడాలు రుతువునూ చంద్రుణ్నీ చూసుకుని ఏడాదికోసారి, ఒకే రాత్రి గుడ్లు విడుస్తాయి. దీపాలతో ఆ చంద్రుణ్ని, యంత్రాలతో ఆ రుతువుల్ని సృష్టించి అద్దాల మధ్యే గుడ్లు పెట్టించారు. ఆ పద్ధతిని అందిపుచ్చుకుని 2019 ఆగస్టులో ఫ్లోరిడా అక్వేరియం అంతరించిపోతున్న స్తంభపు పగడం చేత గుడ్లు పెట్టించింది.

కారు షెడ్డులో అంతటి పని జరగదు కానీ చిన్నపాటి పురుడు జరగొచ్చు. క్లౌన్ చేపలన్నీ పుట్టినప్పుడు మగవే. జతలో పెద్దది ఆడదవుతుంది. కుదురుకున్న జంట ఓ రాతి పలకను ఎంచుకుని, నోటితో శుభ్రం చేసి, దాని మీద నారింజ గింజల్లాంటి గుడ్లు అంటిస్తుంది. ఆపైన కాపలా అంతా తండ్రిదే. రెక్కలతో విసురుతూ, చెడిన గుడ్డును ఏరిపారేస్తూ అక్కడే ఉంటాడు. వారం, పది రోజులకు గుడ్లలో వెండి కళ్లు మెరుస్తాయి. ఆ రాత్రి దీపాలు ఆర్పిన కాసేపటికి పిల్లలు బయటికొస్తాయి. కంటికి ఆననంత చిన్నవి. వాటిని పెద్ద తొట్టిలోంచి వేరుచేసి, రోటిఫర్ అనే సూక్ష్మజీవిని పెంచి మేపగలిగితే రెండు వారాల్లో తెల్లచారలు దిద్దుకుంటాయి. మేపలేకపోతే తెల్లారేసరికి ఒక్కటీ మిగలదు. కాబట్టి కళ్లు మెరవకముందే ఆ రోటిఫర్ సీసాలు షెడ్డు కిటికీలో సిద్ధంగా ఉండాలి.